డెబ్బై రంగుల పెట్టెలో ఆరు

ఇవాళ ఒక తెలుగు సినిమా పాట మిక్సింగుకి వచ్చేసరికి అందులో వంద ట్రాకులు దాటి ఉండడం వింతేమీ కాదు. ప్రధాన గాయకుడి గొంతు ఒకటే అయినా దానికి తోడు డబుల్స్, హమ్మింగు, కోరస్‌లో ఆడ గొంతులు, మగ గొంతులు వేరువేరుగా ఉంటాయి. తబలా, ఢోలక్, డప్పు, వేణువు, వయొలిన్ల బృందం, కీబోర్డు ప్రోగ్రామర్ పేర్చిన సింథ్ పొరలు, కిక్, స్నేర్, బేస్ సరేసరి. ఒక్కో ట్రాకులో పల్లవికి ఒకటి, చరణానికి ఒకటి, ఇంటర్‌లూడ్‌కి మరొకటి చొప్పున ముక్కలుంటాయి, వాటినే క్లిప్పులంటారు. అన్నీ కలిస్తే తెరమీద వందల కొద్దీ పట్టీలు, పెట్టెలు. ఈ సందడిలో కోరస్‌లోని మూడో ఆడ గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఇంజనీరు గంటకి ఎన్నోసార్లు చేయాల్సిన పని. అందుకోసమే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ట్రాకుకీ, క్లిప్పుకీ కావలసిన రంగు వేసుకునే వీలు కల్పిస్తాయి. ఏబుల్టన్ లైవ్‌లో క్లిప్పు మీద రైట్ క్లిక్ చేస్తే 70 రంగుల గళ్లు వరసగా కనిపిస్తాయి. రీపర్‌లో ఆ లెక్క కూడా లేదు, కంప్యూటర్ చూపగల రంగు ఏదైనా వేసుకోవచ్చు. చాలామంది దీన్ని సోకు కింద జమకట్టి, ఒకటి నచ్చితే వేసి, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చినదానితో సరిపెట్టుకుంటారు. రంగు నిజానికి కంటికి వెతుకులాటలో దొరికే సాయం, అదీ పిసినారిగా ఖర్చుపెట్టినప్పుడే దొరికే సాయం అన్నది ఈ అధ్యాయంలో నా వాదన. డెబ్బైలో ఆరు వాడేవాడికి రంగు పనిచేస్తుంది, డెబ్బై వాడేవాడికి చేయదు. ఎందుకో చూద్దాం.

సంగీతాన్ని కంటితో చదవడానికి రంగు వాడుకోవడం కంప్యూటర్లతో మొదలైంది కాదు. పదకొండో శతాబ్దపు ఇటలీలో గ్వీడో అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. అరెట్సో పట్టణం పేరుతో కలిపి ఆయన్ని పిలుస్తారు. చర్చి గాయకులకి పాటలు పట్టుబడడానికి ఏళ్లూ పూళ్లూ పడుతోందని విసిగి, స్వరాలను గీతల మీద రాసే పద్ధతిని ఆయన ఒక కొలిక్కి తెచ్చాడు. పదేళ్లు పట్టే విద్య తన పద్ధతిలో ఏడాదికో, మహా అయితే రెండేళ్లకో వచ్చేస్తుందని చెప్పుకున్నాడు. ఆ పద్ధతిలో రంగు వేసింది రెండు గీతలకే: ఎఫ్ స్వరం గీతకి ఎరుపు, సి స్వరం గీతకి పసుపు. ఆ రెండే ఎందుకంటే, పాశ్చాత్య స్వరవరసలో సరిగ్గా ఆ రెండింటి కిందే అర్ధస్వరం దూరం ఉంది. మిగతాచోట్ల పూర్తి స్వరం. మన శంకరాభరణంలో గాంధారానికీ మధ్యమానికీ, నిషాదానికీ పై షడ్జానికీ మధ్య ఉండే దగ్గరితనమే అది. గాయకుడు తడబడే చోటు ఏదో ఆ చోటే రంగు పడింది. కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చిన పెద్ద హార్ప్‌ని చూడండి. దానికి 47 తీగలు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉండే ఆ తీగల్లో సి తీగలు ఎర్రగా, ఎఫ్ తీగలు నల్లగానో నీలంగానో ఉంటాయి, మిగతావాటికి రంగు లేదు. వాయించేవారి చెయ్యి ఆ రెండు రంగుల ఆనవాలుతోనే మిగిలిన తీగలన్నిటినీ అందుకుంటుంది. గ్వీడో గీతల్లోనూ, హార్ప్ తీగల్లోనూ రంగుకి నోచుకున్నది అవే రెండు స్వరాలు కావడం ముచ్చటైన సంగతే. ఏడు స్వరాలకీ ఏడు రంగులు వేసే అవకాశం ఉండి కూడా రెండింటితో ఆగారన్నది అంతకన్నా గమనించాల్సిన సంగతి.

ఎందుకు ఆగాలో చెప్పే శాస్త్రం చాలా తర్వాత వచ్చింది. 1980లో ఆన్ ట్రీస్మన్, గ్యారీ జెలేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగాల వరసను ప్రచురించారు. తెరమీద కొన్ని అక్షరాలు చూపించి, ఫలానాది ఉందో లేదో చెప్పమనడం వాళ్ల పద్ధతి. వెతకాల్సినది మిగతా అన్నిటికంటే రంగులో వేరుగా ఉంటే, చుట్టూ ఐదు అక్షరాలున్నా ముప్పై ఉన్నా దాన్ని కనిపెట్టడానికి పట్టే సమయం దాదాపు ఒకటే. దానంతట అదే కంటికి ఎదురొస్తుంది. కానీ రంగు ఒక గుంపుతోనూ, ఆకారం మరో గుంపుతోనూ కలిసే అక్షరాన్ని వెతకమంటే కథ మారిపోయింది. చుట్టూ అక్షరాలు పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతూ పోయింది. చూపు ఒక్కొక్కదాని దగ్గరా ఆగి పరీక్షించుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ట్రాకుల పేర్లు చదవడం ఈ రెండో రకం పనికి దగ్గర. మన కంట్లో అక్షరాలను స్పష్టంగా చదవగల భాగం చాలా చిన్నది, చూపులో రెండు డిగ్రీల మేర మాత్రమే. చెయ్యి చాచి బొటనవేలు ఎత్తితే గోరు ఆక్రమించేంత మేర అన్నమాట. ఆ చిన్న కిటికీని తెరమీద పైనుంచి కిందికి జరుపుకుంటూ పోతేనే నూరు పేర్లూ చదవగలం. రంగు అలా కాదు. ఓ మాదిరి వెడల్పున్న రంగు పట్టీ చూపు అంచుల్లో పడినా తెలుస్తుంది, కన్ను నేరుగా అక్కడికే గెంతుతుంది. కోరస్ అంతా ఆకుపచ్చ అయితే, వెతకాల్సినవి నూరు ట్రాకులు కావు, ఆ పచ్చ పట్టీలో ఉన్న ఎనిమిదే. ఆ ఎనిమిదిలో మూడోది ఏదో పేరు చదివి తెలుసుకోవచ్చు. రంగు గుంపును చూపిస్తుంది, పేరు మనిషిని చూపిస్తుంది. ఈ పని విభజనను మరిచి రంగుతోనే మనిషిని కూడా చూపించబోయినప్పుడే తంటా.

ఆ తంటాకి మూలం మన జ్ఞాపకం కొలత. 1956లో జార్జ్ మిల్లర్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఏడు అనే అంకె చుట్టూ తిరుగుతుంది. ఒకే గుణంలో తేడాలున్న వస్తువులను ఒక్కొక్కటిగా చూపించో వినిపించో, ఇది ఎన్నోది అని అడిగితే మనుషులు తప్పు లేకుండా చెప్పగలిగేది ఏడెనిమిదింటి వరకే అని ఆయన సారాంశం. సంగీతం వాళ్లకి ఆసక్తి కలిగించే ఉదాహరణ అందులోనే ఉంది: శ్రుతిలో మాత్రమే తేడా ఉన్న ధ్వనుల్ని సాధారణ శ్రోతలు ఆరింటి వరకే తడబడకుండా గుర్తుపట్టగలిగారు. పక్కపక్కన వినిపిస్తే వందల తేడాలు పట్టుకునే చెవి, విడిగా వినిపిస్తే ఆరు దగ్గర ఆగిపోయింది. రంగుతోనూ అంతే. రెండు నీలాల్ని పక్కపక్కన పెడితే తేడా చెప్పగల కన్ను, ఒకటి తెర పైభాగంలో, మరొకటి స్క్రోల్ చేశాక కింద కనిపిస్తే అవి ఒకటేనో కాదో చెప్పలేదు. 1996లో క్రిస్టఫర్ హీలీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒకే తెరమీద ఎన్ని రంగులుంటే మనిషి చప్పున, సరిగ్గా వెతికి పట్టుకోగలడో పరీక్షించాడు; జాగ్రత్తగా ఎంచుకున్న రంగులైతే ఏడు వరకు ఫరవాలేదని తేలింది. మన వంటింటి పోపుల డబ్బాలో గిన్నెలు ఏడే ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆవాలకీ పసుపుకీ ఎండుమిర్చికీ లేబుళ్లు అక్కర్లేకపోవడానికి కారణం మాత్రం ఇదే. అదే డబ్బాలో ఇరవై గిన్నెలుంటే రెండు మూడు రకాల పప్పుల దగ్గర చెయ్యి ఆగుతుంది.

పాలెట్‌లో 70 రంగులుండడానికీ, కంటికి ఏడే చాలడానికీ ఉన్న ఈ దూరాన్ని ఇంకాస్త పెంచేవి రెండున్నాయి. ఒకటి పక్కరంగు ప్రభావం. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో రంగుల అద్దకానికి అధిపతిగా ఉన్న మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, అక్కడి నల్ల ఉన్ని నల్లగా కనిపించడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. రంగు పరీక్షిస్తే ఏ లోపమూ లేదు. నీలం, ఊదా రంగుల పక్కన నేసినప్పుడు నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని, లోపం అద్దకంలో కాక చూపులో ఉందని ఆయన గ్రహించాడు. 1839లో దీనిమీద పెద్ద గ్రంథమే రాశాడు. తెరమీద ట్రాకులు కూడా నేతలోని పోగుల్లా ఆనుకునే ఉంటాయి కాబట్టి, ఎరుపు పక్కన ఉన్న బూడిదరంగు కాస్త పచ్చదనం తెచ్చుకుంటుంది, అదే బూడిద పచ్చ పక్కన ఎరుపు తిరుగుతుంది. రెండోది పరిమాణం. కంటిపాపకి ఎదురుగా, రెటీనా నడిమధ్యన, నీలాన్ని పట్టే కణాలు దాదాపు లేవు. అందుకని చాలా సన్నటి మచ్చల్లో నీలానికీ పచ్చకీ, పసుపుకీ తెలుపుకీ తేడా మసకబారిపోతుంది. నూరు ట్రాకులూ ఒకే తెరమీద పట్టేలా ట్రాకు ఎత్తు తగ్గించేశాక క్లిప్పులన్నీ సన్నటి గీతలైపోతాయి. పెద్దగా ఉన్నప్పుడు స్పష్టంగా వేరుగా కనిపించిన రెండు రంగులు అప్పుడు ఒకటైపోవడం చాలామంది చూసే ఉంటారు. మానిటర్ని నిందించి లాభం లేదు. రంగుల్ని ఎంచుకోవాల్సింది ట్రాకులు బాగా కుదించి, తెరకి రెండడుగులు వెనక్కి జరిగి చూసినప్పుడు.

లెక్క తగ్గించడం ఎంత ముఖ్యమో, లెక్క మార్చకపోవడం అంతకన్నా ముఖ్యం. 1977లో వాల్టర్ ష్నైడర్, రిచర్డ్ షిఫ్రిన్ కలిసి చేసిన ప్రయోగాల్లో మనుషులు అక్షరాల గుంపులో కొన్నింటిని వెతకాలి. ఒక వర్గానికి వెతకాల్సిన అక్షరాలు ఎప్పుడూ అవే; మరో వర్గానికి అవి ప్రతిసారీ మారిపోతుంటాయి, ఇందాక వెతికినదే ఇప్పుడు పట్టించుకోకూడనిది అవుతుంది. మొదటి వర్గంలో వెతుకులాట వందలసార్లు చేశాక ఆలోచన అవసరం లేని అలవాటైపోయింది. రెండో వర్గంలో ఎంత సాధన చేసినా అది అలవాటు కాలేదు. అంతేకాదు, అలవాటైపోయినవాళ్లకి నియమం తలకిందులు చేస్తే వాళ్ల పనితీరు మొదటిరోజు కన్నా కిందికి పడిపోయింది. వాళ్లు వాడినవి రంగులు కావు, అక్షరాలే. అయినా తెరముందు కూర్చునే ఇంజనీరుకి ఇందులో వర్తించేది చాలా ఉంది. కొత్త ట్రాకు సృష్టించగానే వరసలో తర్వాతి రంగునో, చేతికందిన రంగునో తనంతట తానే వేసేసే అమరిక చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఈ పాటలో బేస్ గులాబీ, రేపటి పాటలో నారింజ. అది సరిగ్గా రెండో వర్గం పరిస్థితి: రంగులు తెరనిండా ఉంటాయి, కంటికి మాత్రం ఏ పాఠమూ అందదు. అసలు రంగు లేకపోవడం కన్నా ఇదే అధ్వానం అని నా అభిప్రాయం, ఎందుకంటే అర్థం లేని తేడాల్ని కూడా కన్ను పట్టించుకోక తప్పదు. మందు సులువే. ప్రో టూల్స్ ప్రిఫరెన్సుల్లో రంగు దేన్నిబట్టి పడాలో ఎంచుకోవచ్చు, ట్రాకు రకాన్నిబట్టా, గ్రూపునిబట్టా అని. రీపర్‌కి ఉచితంగా దొరికే ఎస్‌డబ్ల్యూఎస్ అనే అనుబంధంలో ఆటో కలర్ అనే పట్టిక ఉంది. ట్రాకు పేరులో ఫలానా మాట ఉంటే ఫలానా రంగు వెయ్యమని ఒకసారి రాసిపెడితే చాలు, డప్పు అని పేరు పెట్టగానే ట్రాకు ఆ రంగులోకి మారిపోతుంది. పేరు ముందు, రంగు దాని వెనక వస్తాయి. మరో లాభం, పేర్లు పెట్టకుండా ఆడియో 1, ఆడియో 2 అని వదిలేసే బద్ధకాన్ని కూడా ఇది వదిలిస్తుంది.

ఇక ఏ గుంపుకి ఏ రంగు అన్న ప్రశ్న. ధ్వనికి సహజంగానే ఒక రంగు ఉంటుందని నమ్మినవాళ్లు చరిత్రలో తక్కువేం కాదు. న్యూటన్ వర్ణపటాన్ని ఏడు భాగాలు చేసి స్వరవరసతో పోల్చాడు. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ 1910 నాటి తన ప్రొమీథియస్‌లో రంగు దీపాలకి విడిగా ఒక వరసే రాశాడు. ఆయనకి సి మేజర్ ఎరుపు. ఆయన సమకాలికుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్‌కి అదే సి మేజర్ తెలుపు. డి మేజర్ మాత్రం ఇద్దరికీ పసుపు. ఇద్దరు మహానుభావులకే పొత్తు కుదరని చోట వేణువుకి ఈ రంగే న్యాయం అని తీర్పు చెప్పడం వృథా. అయితే ఒక్క విషయంలో మాత్రం మనుషులు బాగానే ఏకీభవిస్తారు. రంగు సంగతి ఎలా ఉన్నా, వెలుగు చీకట్ల సంగతిలో హెచ్చు శ్రుతిని లేత ఛాయతోనూ తగ్గు శ్రుతిని ముదురు ఛాయతోనూ జతచేస్తారని లారెన్స్ మార్క్స్ 1970లలో చేసిన ప్రయోగాలు, ఆ తర్వాత వచ్చినవి చూపించాయి. కాబట్టి బేస్‌కి ముదురు రంగు, వేణువుకి లేత రంగు ఇవ్వడంలో కంటికి కాస్త సాయం ఉంది, ముదురు నీలమా ముదురు గోధుమా అన్నది మీ ఇష్టం. అనలాగ్ కన్సోళ్ల కాలంలో కూడా ఎంపిక ఇలా యాదృచ్ఛికమే: ఎస్‌ఎస్‌ఎల్ 4000 కన్సోల్లో ఈక్యూ మరలకి హెచ్చు శ్రుతులకి ఎరుపు, మధ్యమాలకి పచ్చ, నీలం, తగ్గు శ్రుతులకి గోధుమ రంగు టోపీలుండేవి. తర్వాత వచ్చిన మరో రకం సర్క్యూట్‌లో ఆ అట్టడుగు టోపీ నలుపైంది. ఈ రెండు ఈక్యూలని ఇంజనీర్లు ఇప్పటికీ బ్రౌన్ అని ఒకదాన్ని, బ్లాక్ అని ఒకదాన్ని పిలుస్తున్నారు. అర్థం లేని రంగు వాడుకతో పేరుగా మారడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

స్వేచ్ఛ లేని చోటు ఒకటుంది, అది ఎరుపు. రికార్డింగుకి సిద్ధం చేసే బటన్ ఎరుపు, రికార్డవుతున్న క్లిప్పు ఎరుపు, ధ్వని హద్దు మీరినప్పుడు మీటరు పైన వెలిగే దీపం ఎరుపు. సోలో బటన్ లాంటివాటిలో సాఫ్ట్‌వేర్లకి ఏకాభిప్రాయం లేదు, ప్రో టూల్స్‌లో అది పసుపు, లైవ్‌లో నీలం. ఎరుపు విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఎరుపు జరుగుతున్న సంగతిని చెబుతుంది, ట్రాకు రంగు ఉన్న సంగతిని చెబుతుంది. డ్రమ్స్‌కి మొత్తం ఎరుపు పూసిన ప్రాజెక్టులో పొరపాటున రికార్డింగుకి సిద్ధమై ఉన్న ట్రాకు ఒకటి ఉంటే, ట్రీస్మన్ ప్రయోగంలో లాగా అది ఎదురురావాల్సింది పోయి ఎర్రటి గుంపులో కలిసిపోతుంది. 2009లో నోవేషన్ వాళ్లు ఏబుల్టన్‌తో కలిసి తెచ్చిన తొలి లాంచ్‌ప్యాడ్‌ని, అంటే క్లిప్పుల్ని మోగించే మీటల పలకని, గుర్తుచేసుకోవాలి. దాని మీటల కింద ఎరుపు, పచ్చ దీపాలే ఉండేవి, రెండూ కలిస్తే కాషాయం. క్లిప్పులకి తెరమీద వేసిన రంగుల్ని అది చూపలేకపోయేది. క్లిప్పు ఉందా, మోగుతోందా, రికార్డవుతోందా అన్నవి మాత్రం మూడు రంగుల్లో తేటతెల్లంగా చెప్పేది. చీకటి వేదిక మీద వాయించేవాడికి కావలసింది సరిగ్గా అదే. తర్వాతి తరం మీటల్లో అన్ని రంగులూ వచ్చాయి, దాంతో ఉన్న సంగతీ జరుగుతున్న సంగతీ ఒకే మీట మీద పోటీపడసాగాయి. అందుకే వేదిక కోసం ప్రాజెక్టు కట్టేవాళ్లు ఎరుపునీ, వీలైతే నిండు ఆకుపచ్చనీ ట్రాకులకి ఇవ్వకుండా పక్కన పెట్టడం మంచిది. ఆరు రంగుల బడ్జెట్‌లోంచి రెండు తీసేస్తున్నట్టు అనిపించవచ్చు గానీ, అవి మొదటినుంచీ మనవి కావు.

రంగు చేయలేని పని ఇంకొకటుంది: అంచులు చూపడం. టెలివిజన్ ఇంజనీర్లు ఈ రహస్యాన్ని ఎప్పుడో సొమ్ము చేసుకున్నారు. మనం చూసే వీడియోల్లో ఎక్కువభాగం వెలుగు నీడల సమాచారాన్ని ప్రతి చుక్కకీ దాచి, రంగు సమాచారాన్ని నాలుగు చుక్కలకి ఒకటి చొప్పునే దాస్తాయి. రంగులో ముప్పావు వంతు పారేసినా ప్రేక్షకుడికి తెలియదు. వెలుగులో అంత పారేస్తే బొమ్మ అలుక్కుపోతుంది. సన్నటి వివరాలను కన్ను వెలుగు తేడాతోనే చదువుతుంది. క్లిప్పు లోపల కనిపించే తరంగం ఆకారం అచ్చంగా సన్నటి వివరమే: గాయకుడు ఊపిరి పీల్చిన చోటు ఒక చిన్న ఉబ్బు, పకారం పలికిన చోటు ఒక ముల్లు. కత్తిరింపు సరిగ్గా పడాల్సింది ఆ రెంటి మధ్య. తరంగం, దాని వెనక నేల రెండూ ఒకే మోతాదు వెలుగులో ఉండి రంగులో మాత్రమే తేడా ఉంటే, ఉదాహరణకి మధ్యస్థమైన ఎరుపు నేల మీద మధ్యస్థమైన పచ్చ తరంగం, ఆ ముల్లు ఎక్కడ మొదలైందో చెప్పడం నరకం. రీపర్‌లో ట్రాకు రంగు తరంగానికి పట్టాలా, నేలకి పట్టాలా, ఎంత గాఢంగా పట్టాలి అన్నది విడిగా దిద్దుకునే అమరిక ఉంది, ఇది అందుకే విలువైనది. నేలకి రంగు, తరంగానికి దాదాపు నలుపో తెలుపో. అప్పుడు రంగు ఎవరిదో చెబుతుంది, వెలుగు ఎక్కడో చెబుతుంది.

వెలుగు తేడాలను నమ్ముకోవడానికి మరో కారణం చూపు తేడాలున్న మనుషులు. ఎరుపు, పచ్చల తేడా సరిగా తెలియని దృష్టిలోపం ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి, ఆడవాళ్లలో 0.5 శాతం మందికి ఉంటుంది. మిగతా జనాభాల్లో మగవాళ్లకి కొంత తక్కువ. కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండడం, మగవాళ్లకి అది ఒక్కటే ఉండడం వల్ల ఈ తేడా. అణుసిద్ధాంతానికి పేరుబడ్డ జాన్ డాల్టన్ 1794లో తన సొంత చూపు గురించే మాంచెస్టర్‌లో ఒక వ్యాసం చదివాడు. కంట్లోని ద్రవం నీలంగా ఉండడం వల్లే తనకలా కనిపిస్తోందని ఆయన ఊహ. చనిపోయాక తన కళ్లు పరీక్షించమని చెప్పాడు, 1844లో పరీక్షించారు, ద్రవం మామూలుగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి ముక్క నుంచి 1995లో డీఎన్ఏ తీసి చూస్తే, పచ్చ వైపు పనిచేసే వర్ణకం ఆయనకి లేదని తేలింది. సినిమా పాట ఒక్కరి చేతిలో తయారవదు, పదిమంది చేతులు మారుతుంది. అందులో ఒకరికి ఆడ కోరస్ పచ్చా, మగ కోరస్ గోధుమా ఒకేలా కనిపించే అవకాశం చిన్నదేమీ కాదు. నీలం, నారింజ, లేత పసుపు, ముదురు ఊదా లాంటి జతలు ఎంచుకుని, వెలుగులో కూడా తేడా ఉంచితే అందరికీ దారి దొరుకుతుంది. తెరని తాత్కాలికంగా నలుపు తెలుపులోకి మార్చి చూడడం ఒక తేలిక పరీక్ష, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఆ అమరిక ఉంటుంది.

ఇప్పటిదాకా ట్రాకునీ క్లిప్పునీ ఒకే గాటన కట్టాను. నిజానికి రెండూ రెండు ప్రశ్నలకి జవాబులు. ట్రాకు ఎవరిదో చెబుతుంది. క్లిప్పు ఏ స్థితిలో ఉందో చెప్పగలదు. ఓ గాయని చరణాన్ని నాలుగు టేకులు పాడిందనుకోండి. ఎడిటింగులో మొదటి పాదం రెండో టేకులోంచి, రెండో పాదం నాలుగో టేకులోంచి, చివర్లో ఒక్క పొల్లు మాత్రం మొదటి టేకులోంచి ఏరి అతుకుతారు. ఏరిన ముక్కలకి ట్రాకు రంగులోనే నిండు ఛాయ, పక్కన పెట్టినవాటికి అదే రంగులో వెలిసిన ఛాయ, శ్రుతి దిద్దాల్సిన ముక్కకి ప్రత్యేకించి పసుపు వేస్తే, పని ఎంత మిగిలిందో పసుపు ముక్కల్ని లెక్కపెట్టి చెప్పొచ్చు. పసుపు అయిపోతే పని అయిపోయినట్టు. లైవ్‌లో ట్రాకు రంగుని దాని క్లిప్పులన్నిటికీ ఒక్కసారిగా వేసే ఆజ్ఞ ఉంది, అన్నీ సరిచేశాక అది నొక్కితే తెర మళ్లీ మామూలైపోతుంది. ఇలా కాకుండా పల్లవి క్లిప్పులన్నీ ఒక రంగు, చరణాలవన్నీ ఒక రంగు అని అడ్డంగా కాక నిలువుగా రంగులు వేసేవాళ్లూ ఉన్నారు. ప్రో టూల్స్‌లో మార్కర్లనిబట్టి క్లిప్పు రంగు పడే అమరిక కూడా ఉంది. పాట కట్టేటప్పుడు అది బాగానే ఉంటుంది, ఎక్కడ ఏ వాయిద్యం ఖాళీగా ఉందో కనిపిస్తుంది. మిక్సింగుకి వచ్చేసరికి మాత్రం పనికిరాదు. రెండు పద్ధతుల్నీ ఒకేసారి కలిపితే ట్రీస్మన్ చెప్పిన కష్టమైన వెతుకులాటని మనమే కొనితెచ్చుకున్నట్టు.

ఇదంతా కాలహరణం అనే ఆక్షేపణ ఒకటుంది, దాన్లో కొంత నిజం లేకపోలేదు. పాట కుదరనప్పుడు రంగులు సర్దుకుంటూ కూర్చోవడం పని చేస్తున్న భ్రమ కలిగిస్తుంది. కానీ ఆ ఆక్షేపణ ప్రతి పాటకీ రంగులు కొత్తగా ఎంచుకునేవాళ్లకి తగులుతుంది. ఆరు రంగులు ఒకసారి నిర్ణయించి, టెంప్లేటులో పెట్టి, మళ్లీ ముట్టుకోకుండా ఉండేవాళ్లకి ఖర్చయ్యే కాలం సున్నాకి దగ్గర. పేర్లు చాలవా అనేది రెండో ప్రశ్న. చాలవని ఇందాక వెతుకులాట లెక్కలతో చూశాం. పేరూ రంగూ ఎదురుబొదురైతే ఏమవుతుందో 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ చూపించాడు: ఎరుపు అనే మాటని పచ్చ సిరాతో అచ్చువేసి, సిరా రంగేదో చెప్పమంటే మనుషులు తడుముకున్నారు. ఎప్పుడూ నీలంలో ఉండే బేస్ ఒక పాటలో మాత్రం గులాబీ అయితే జరిగేదీ ఆ జాతిదే.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది: సంగీతం చెవి పని, తెరని అందంగా చేసేకొద్దీ చెవి సోమరి అవుతుందని. చూపు వినికిడిని మార్చేస్తుందన్న మాట శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. 1976లో మెగర్క్, మెక్‌డోనల్డ్ చేసిన ప్రయోగంలో, వినిపించే అక్షరం ఒకటీ కనిపించే పెదవుల కదలిక ఇంకొకటీ అయినప్పుడు శ్రోతలు రెండూ కాని మూడో అక్షరం విన్నామని చెప్పారు. కాబట్టి నిండు రంగు పట్టీ తెరమీద జరజరా వస్తుంటే ఆ చోట శబ్దం కూడా పెద్దదిగా ఉందేమో అనిపించడం అసాధ్యమేమీ కాదు. బిగ్గరగా మెరిసే రంగుల్ని వదిలి మెత్తటివి ఎంచుకోవడానికి ఇదొక కారణం. కానీ రంగు తీసేస్తే ఇంజనీరు తెర చూడడం మానడు, పేర్లు చదువుతూ ఇంకా ఎక్కువసేపు చూస్తాడు. వెతుకులాట ఎంత త్వరగా ముగిస్తే చెవికి అంత తీరిక. మిక్స్ వినే వేళకి మానిటర్ ఆపేసి, గోడవైపు చూస్తూ వినే ఇంజనీర్లకి రంగులతో ఏ పేచీ లేదు.

ఈ ఏర్పాటంతా ఒక గుమ్మం దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లో రికార్డయిన పాట చెన్నైలోనో మరోచోటనో మిక్స్ అయినప్పుడు చాలాసార్లు వెళ్లేది ప్రాజెక్టు కాదు, ఒక్కో ట్రాకుకీ ఒక్కో వేవ్ ఫైలు. ఆ ఫైలు శబ్దాన్ని మోస్తుంది, ఆరు రంగుల్లో ఒక్కటీ దానివెంట పోదు. అవతలివాళ్లు తెరిచేసరికి ట్రాకులన్నీ మళ్లీ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగుల్లోనో, ఒకే బూడిదలోనో ప్రత్యక్షమవుతాయి. అందుకే రంగుల పట్టిక రాసుకునేటప్పుడు దాని పక్కనే పేర్ల పట్టిక కూడా రాయాలి: ప్రతి ఫైలు పేరూ గుంపు మాటతో మొదలై, తర్వాత వివరం, చివర రెండంకెల సంఖ్య. కోరస్-ఆడ-03 అని ఉన్న ఫైలు అక్షరక్రమంలో తన గుంపు పక్కనే నిలబడుతుంది, అవతలి ఇంజనీరు గుంపంతటినీ ఒక్క దెబ్బతో ఎంచుకుని తనకి అలవాటైన రంగు తను వేసుకుంటాడు.